కాలేజీ బస్సు ఎక్కని కాలేజీ చదువు: గోదావరి డెల్టాలో మొదటి నెల

ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో గడిపిన పిల్లలకు టైమ్ చూసుకోవాల్సిన అవసరమే రాదు. తెల్లారకముందే లేపడానికి ఒకరు, స్టడీ అవర్లో కునికితే తట్టడానికి ఒకరు, వారాంతంలో పరీక్ష పెట్టి మార్కులు గోడకు అంటించడానికి ఒకరు ఉంటారు. భీమవరంలోనో రాజమండ్రిలోనో విజయవాడలోనో అలా నడిచిన విద్యార్థి ఇంటి నుంచే చదివే డిగ్రీలో చేరాడనుకోండి. మెయిల్‌కు లాగిన్ వివరాలు వస్తాయి. తెరిస్తే వీడియోలు వరసగా ఉంటాయి. వాటిని ఎప్పుడు చూడాలో చెప్పేవాళ్లు ఉండరు, చూడకపోతే అడిగేవాళ్లూ ఉండరు. మొదటి నెలలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. నెట్ బాగోలేదు, ఇంగ్లీషు అర్థం కాలేదు అని చెప్పుకునే కారణాలు నిజమే కానీ అవి దీని తర్వాతవి.

మామూలు కాలేజీ పాఠం చెప్పడంతోపాటు ఇంకో పని కూడా చేస్తుంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏడున్నరకు ఊరి సెంటర్లో ఆగే కాలేజీ బస్సు, ఆ ఇంట్లో వంట ఎన్నింటికి అవ్వాలో నిర్ణయిస్తుంది. మెడలో ఐడీ కార్డు వేసుకుని బయల్దేరిన కుర్రాణ్ణి ఎరువుల బస్తాలు దింపడానికి రమ్మని ఎవరూ పిలవరు. సాయంత్రం తిరిగొచ్చేదాకా అతను ఊరికి దొరకడు. ఆన్‌లైన్ చదువులో ఆ బస్సు, ఆ కార్డు, ఆ దూరం మూడూ పోయి సిలబస్ ఒక్కటే మిగులుతుంది. మొదటి నెలలో అసలు పని, పోయిన ఆ మూడింటి చోట ఇంకేదో ఒకటి నిలబెట్టుకోవడమే.

దూరవిద్య డెల్టాకు కొత్తేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో వచ్చింది. తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకున్నది అదే. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది. ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు, పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఎంతోమంది వీటి ద్వారానే పట్టా తెచ్చుకున్నారు. అప్పటి పద్ధతి అందరికీ తెలిసిందే. ‘ప్రైవేటుగా డిగ్రీ కట్టడం’ అంటే ఫీజు కట్టి, పోస్టులో వచ్చిన పుస్తకాలు బీరువాలో పెట్టి, పరీక్షలకు నెల ముందు గైడు కొని కూర్చోవడం. ఆ రోజుల్లో ఆ మనుషులకు అది సరిపోయింది. చిక్కేమిటంటే ఇంట్లో పెద్దవాళ్ల మనసులో దూరవిద్య అంటే ఇప్పటికీ అదే. కొందరు విద్యార్థుల మనసులో కూడా అదే ఉంటుంది, వాళ్లు పైకి చెప్పరు.

ఇప్పుడున్న కోర్సులు అలా నడవవు. ఐఐటీ మద్రాస్ 2020 జూన్‌లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీనే చూడండి. క్వాలిఫయర్ (అర్హత పరీక్ష) దారిలో వచ్చేవాళ్లకు అందులో మొదటి నెలే వడపోత. ఇంగ్లీషు, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్ అని నాలుగు సబ్జెక్టుల పాఠాలు నాలుగు వారాలు నడుస్తాయి. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది, వాటిలో కనీస మార్కులు వస్తేనే పరీక్షకు పిలుస్తారు, ఆ పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాలి. సబ్జెక్టుకు వారానికి పది గంటల చొప్పున వేసుకున్నా నాలుగింటికీ కలిపి నలభై గంటలు. ఒక ఉద్యోగానికి పట్టేంత సమయం.

ఇగ్నోలో ఈ ఒత్తిడి కనిపించదు. కనిపించకపోవడమే అక్కడ ప్రమాదం. వాళ్ల లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు అనుకుంటే 600 గంటలు, ఆరు నెలలకు పంచితే వారానికి 23 గంటలు. రోజూ మూడు గంటలకు పైనే. ఈ లెక్క మొదటి వారంలో కాగితం మీద వేసుకున్నవాళ్లు తక్కువ. 2022 నుంచి ఒక రెగ్యులర్ డిగ్రీతోపాటు ఇంకో దూరవిద్య లేదా ఆన్‌లైన్ డిగ్రీ ఒకేసారి చదవడానికి విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ ఒప్పుకుంది. అమలాపురంలోనో తణుకులోనో పగలు బీఎస్సీకి వెళ్తూ రాత్రి ఇంకో డిగ్రీ చదువుదామనుకునేవాళ్లకు ఈ లెక్క మరీ అవసరం.

‘ఇంట్లోనే ఉన్నావుగా’

మొదటి నెలలో ఆన్‌లైన్ విద్యార్థి ఎక్కువగా వినే మాట ఇది. దీనికి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే అతను నిజంగానే ఇంట్లో ఉన్నాడు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులున్న ఇళ్లలో ఈ మాట తెల్లవారుజామునే మొదలవుతుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సూర్యుడు రాకముందు ఆ రెండు మూడు గంటల్లోనే. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. రొయ్య తేలిందంటే ఆ ఇంటి ఏడాది పెట్టుబడి పోయినట్టే. అలాంటప్పుడు పద్దెనిమిదేళ్ల కొడుకు ఇంట్లో ఉండగా తండ్రి ఒక్కడే చెరువు గట్టుకు వెళ్లడం జరిగే పని కాదు. నాలుగింటికి లేచిన ఆ కుర్రాడు తొమ్మిదింటి లైవ్ క్లాసులో నిద్రపోతాడు. కెమెరా ఆపేసి ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

కోనసీమలో అయితే కొబ్బరి దింపు. దింపు కూలీలు వచ్చిన రోజు కాయల లెక్క రాయడానికి ఒక మనిషి కావాలి. సార్వా ఊడ్పుల రోజుల్లో కూలీలకు టీలు, టిఫిన్లు అందించాలి, మోటారు దగ్గర ఉండాలి. ఇవేవీ పెద్ద పనులు కావు, ఒక్కోటి అరగంటో గంటో పడుతుంది. కానీ చదువుకు కావాల్సిన రెండు గంటలను సరిగ్గా మధ్యలో విరిచేస్తాయి.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా తీవ్రం. వాళ్లకు పని పొలం నుంచి కాకుండా పక్క గది నుంచే వస్తుంది. వంట, చెల్లి హోంవర్కు, నానమ్మ మందులు, ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీ. కాలేజీకి వెళ్లే అమ్మాయి సాయంత్రందాకా వీటి నుంచి తప్పించుకుంటుంది, ఇంటి నుంచి చదివే అమ్మాయికి ఆ అవకాశం లేదు. పైగా ‘పిల్ల ఇంట్లోనే ఉంటోంది’ అనే కబురు ఊళ్లోకి వెళ్లిందంటే సంబంధాలు చెప్పేవాళ్లు బయల్దేరతారు. చదువు నడుస్తోందని తల్లిదండ్రులకు తెలుసు, పేరయ్యకు తెలియదు.

ఇక్కడ ఇంట్లోవాళ్లను తప్పుపట్టడం తేలిక, కానీ అన్యాయం. వాళ్లకు కాలేజీ కనబడటం లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, మంచం మీద పక్కకు తిరిగి పడుకున్న పిల్లాడు స్టాటిస్టిక్స్ వింటున్నాడో రీల్స్ చూస్తున్నాడో గుమ్మంలోంచి చూసే తల్లికి ఎలా తెలుస్తుంది? అందుకని చదువును కనబడేలా చేయడం విద్యార్థి పని. గోడ మీద క్యాలెండర్ పక్కనే టైమ్‌టేబుల్ తెలుగులో రాసి అంటించడం చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు, ఇంట్లో అందరూ చదివేది మాత్రం అదొక్కటే. అసైన్‌మెంట్ గడువులు, పరీక్ష తేదీలు దాని మీద ఎర్ర ఇంకుతో ఉండాలి. మన ఇళ్లలో సిలబస్‌కు లేని గౌరవం పరీక్ష తేదీకి ఉంటుంది. కట్టిన ఫీజుకు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

రోజంతా నన్ను పిలవొద్దు అని అడగడం తెలివితక్కువ. ఏ ఇంట్లోనూ అది నెగ్గదు. రోజుకు మూడు గంటలు అడిగి, ఆ మూడు గంటలూ గట్టిగా పట్టుకోవడమే నడిచే పద్ధతి. ‘పది నుంచి ఒంటిగంట దాకా నేను లేననుకో నాన్నా, తర్వాత ఏ పని చెప్పినా చేస్తాను’ అంటే చాలామంది తండ్రులు ఒప్పుకుంటారు. మాట ప్రకారం ఒంటిగంటకు లేచి నిజంగా పని చేయడం ఇందులో ముఖ్యం, లేకపోతే రెండో వారానికే ఆ ఒప్పందం చెల్లదు. చెరువులున్న ఇంట్లో పొద్దున్న క్లాసులకు రికార్డింగ్ దొరికితే వాటిని మధ్యాహ్నానికి నెట్టుకోవడం మేలు. ఏ ఇంటి గంటలు ఆ ఇంటివే, యూట్యూబ్‌లో చెప్పే అయిదింటి లేవడాలు అందరికీ పనికిరావు.

చోటు కూడా టైమంత ముఖ్యం. డాబా మీద గది ఉంటే అదృష్టం. లేకపోతే ఒక మూల ఒక టేబులు, ఒక కుర్చీ ఎప్పుడూ అక్కడే ఉండాలి. మంచం మీద చదివే చదువు నిద్రతోనే ముగుస్తుంది. ఇంట్లో వీలు కాకపోతే ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉందేమో చూడాలి. గ్రంథాలయ ఉద్యమం బలంగా నడిచిన నేల కాబట్టి డెల్టా ఊళ్లలో అవి ఇంకా ఉన్నాయి. చాలాచోట్ల ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట తెరుస్తారు. రాజమండ్రిలో ఉండేవాళ్లకు గౌతమీ గ్రంథాలయం ఉంది. పేపరు చదివే పెద్దాయనల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోవడం మొదట్లో సిగ్గుగా ఉంటుంది. కానీ బట్టలు మార్చుకుని, చెప్పులేసుకుని ఇంట్లోంచి బయటపడటం అనే చిన్న పని అక్కడ మళ్లీ దొరుకుతుంది.

యూనివర్సిటీకి తెలియని క్యాలెండర్

ఢిల్లీలోనో చెన్నైలోనో వేసిన అకడమిక్ క్యాలెండర్‌లో గోదావరి ఉండదు. జూలైలో మొదలయ్యే సెషన్లో చేరితే మొదటి నెలలోనే వరద రావచ్చు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది, కోనసీమలో నది మధ్యనుండే లంక గ్రామాలు మునిగాయి. అలాంటప్పుడు కరెంటు ఉండదు, చార్జింగ్ ఉండదు, ఊరు దాటాలంటే పడవే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల భయం. 2020 అక్టోబరు 13న ఒకటి కాకినాడ దగ్గర తీరం దాటింది.  

లంక గ్రామాల్లో, తీరం వెంబడి ఉండేవాళ్లకు ఒక జాగ్రత్త. గడువు పొడిగించమని అడిగే మెయిల్ హెచ్చరిక వచ్చినప్పుడే పంపాలి. నీళ్లొచ్చాక పంపడానికి సిగ్నల్ ఉండదు, తగ్గాక పంపితే సాకులా కనిపిస్తుంది. ఊరి పేరు, మండలం, వార్త ఫొటో ఒకటి జతచేస్తే చాలు. ఒప్పుకుంటారన్న హామీ లేదు, అడిగినట్టు రుజువైతే ఉంటుంది.

జనవరి సెషన్‌ది వేరే కథ. పాఠాలు అందుకుంటున్నామనుకునేలోపే సంక్రాంతి వస్తుంది. హైదరాబాద్ నుంచి, బెంగుళూరు నుంచి కజిన్లందరూ దిగుతారు. మూడు రోజుల పండగే అయినా దాని ముందూ వెనకా కలిపితే పది రోజులు ఇల్లు ఇల్లులా ఉండదు. పందేల బరుల చుట్టూ ఊరే కదిలిపోతుంటే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరూ బయల్దేరితే, డాబా మీద కూర్చుని మ్యాథ్స్ చేస్తానని శపథం చేయడం ఉత్తమాట. చేయక్కర్లేదు కూడా. రికార్డు పాఠాలు ముందే తెరిచి ఉంటే భోగికి ముందు రెండు వారాలవి చూసేసుకోవచ్చు, లేకపోతే ఆ వారానికి అసైన్‌మెంట్ మాత్రం పెట్టుకుని మిగతాది వదిలేయవచ్చు. పండగ చేసుకుంటూ చదవడం లేదని, చదువుతూ పండగ పోతోందని రెండు వైపులా బాధపడటమే అన్నిటికంటే నష్టం. మే నెలలో మొదలయ్యే టర్మ్‌లో ఎండ, పెళ్లిళ్లు, ఆవకాయ. అది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

నెట్ గురించి క్లుప్తంగా చెబితే సరిపోతుంది, అందరూ చెప్పేది దాని గురించే కాబట్టి. ఒక మోస్తరు క్వాలిటీలో, అంటే 480పీలో, గంట వీడియోకు అర జీబీ అటూఇటూగా అవుతుంది. రోజుకు జీబీన్నర వచ్చే ప్యాక్‌తో రెండు మూడు పాఠాలు చూడవచ్చు, హెచ్‌డీలో పెట్టుకుంటే ఒకటితోనే సరి. చిక్కటి తోటల మధ్య, ముఖ్యంగా వాన పడి ఆకులు తడిగా ఉన్నప్పుడు, సిగ్నల్ పడిపోతుంది, డాబా ఎక్కితే మెరుగవుతుంది. రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకునే వీలుంటే ఆ అలవాటు మంచిది. రౌటర్‌కు పట్టే కరెంటు చాలా తక్కువ, దానికి ఒక చిన్న బ్యాటరీ పెట్టుకుంటే కరెంటు పోయినా కొన్ని గంటలు నడుస్తుంది. ఇవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలే.

పరిష్కారం కష్టమైనది మూడో వారంలో వస్తుంది. రికార్డు చేసిన పాఠం ఎక్కడికీ పోదు, రేపైనా చూడవచ్చు. ఈ సౌకర్యమే విద్యార్థిని ముంచుతుంది. గంట పాఠాన్ని ఆపుకుంటూ, నోట్సు రాసుకుంటూ చూస్తే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఆ సంగతి తెలియక రోజుకు నాలుగు పాఠాలు చూస్తానని వేసుకున్న ప్లాన్ రెండో రోజే తప్పుతుంది. తప్పినవి పోగవుతాయి. ఇంకో వారానికి చూడని వీడియోల సంఖ్య చూస్తేనే టెన్షన్. అప్పుడు జరిగేది ఏమిటంటే, విద్యార్థి పోర్టల్ తెరవడమే మానేస్తాడు. చదువు మానేయాలని అతను నిర్ణయించుకోలేదు. తెరిస్తే ఆ అంకె కనబడుతుందని తెరవడం లేదు, అంతే.

ఇలా వెనకబడ్డవాళ్లు సాధారణంగా మొదటి వీడియో నుంచి వరసగా చూస్తూ అందుకోవాలనుకుంటారు. అది దాదాపు ఎప్పుడూ కుదరదు, అందుకునేలోపు ఈ వారంవి కూడా పోగవుతాయి. ఈ వారం పాఠంతో మొదలుపెట్టి, అందులో అర్థం కానిచోట మాత్రమే వెనక్కి వెళ్లడం మేలు. ఇంకో దారి, ముందు అసైన్‌మెంట్ తెరిచి ప్రశ్నలు చదవడం, ఏది రాదో దానికి సంబంధించిన వీడియో వెతుక్కోవడం. ఇంటర్లో బిట్లు కొట్టిన అలవాటు ఇక్కడ కాస్త ఉపయోగపడుతుంది. రెండింతల వేగంలో పెట్టి నాలుగు వీడియోలు ‘పూర్తి చేయడం’ మాత్రం తనను తాను మోసం చేసుకోవడమే. వీడియో మూసేశాక తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాయగలిగితే చూసినట్టు, లేకపోతే లేదు. ర్యాంకులు అంటించే గోడ పోయింది కాబట్టి, తన స్థాయి తనకు తెలియడానికి ఇలాంటి కొలత ఏదో ఒకటి ఉండాలి.

భాష ఇబ్బంది అనుకున్నదానికంటే తొందరగానే తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారాయి కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇది మామూలు కాలేజీలోనూ తప్పదు. ఆన్‌లైన్‌లో ఒక లాభం ఉంది, మాస్టారిని ఆపి మళ్లీ చెప్పించుకోవచ్చు. క్యాప్షన్లు పెట్టుకోవడం, ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటే ముందు అది చదివి తర్వాత వినడం బాగా పనిచేస్తాయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో కొన్ని కోర్సుల ట్రాన్స్‌క్రిప్ట్‌లు తెలుగులో కూడా దొరుకుతాయి. విన్నది ఎవరికైనా తెలుగులో చెప్పి చూడటం అన్నిటికంటే మంచి పద్ధతి. ఆ ఎవరైనా దొరకడమే కష్టం.

ఎందుకంటే తోటివాళ్లందరూ వెళ్లిపోయారు. వాళ్ల స్టేటస్‌లలో ఫ్రెషర్స్ డే ఫొటోలు, హాస్టల్ గదులు, కాకినాడ బీచ్. ఇక్కడ సాయంత్రమైతే ఊరి వంతెన మీద కూర్చునే గుంపులో కూడా మనుషులు తగ్గిపోయారు. కోర్సు గ్రూపులో వేలమంది ఉంటారు, అంతమంది ముందు చిన్న డౌట్ టైప్ చేయడానికి వేలు కదలదు. క్లాసు బంక్ కొట్టడానికి కూడా తోడుంటేనే సరదా. ఒంటరిగా కొట్టే బంక్‌లో అపరాధభావం తప్ప ఏమీ మిగలదు. అందుకే అంత పెద్ద గ్రూపులోంచి ఉభయ గోదావరి వైపు వాళ్లను ఇద్దరు ముగ్గుర్ని వెతికి పట్టుకోవడం మొదటి నెలలో చేయదగ్గ మంచి పని. పాలకొల్లు నుంచి ఒకరు, రాజోలు నుంచి ఒకరు దొరికితే ఆదివారం ఒకచోట కలవవచ్చు, పరీక్షకు కలిసి వెళ్లవచ్చు. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే అది చదువు సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కాగితాలు, పరీక్ష, వేగం

కాగితాల పని చదువుకంటే ఎక్కువ విసిగిస్తుంది. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరడానికి 2024 నుంచి యూజీసీ దూరవిద్య విభాగం (డెబ్) ఇచ్చే డెబ్ ఐడీ తప్పనిసరి అయింది. తెలుగువాళ్లు ఇరుక్కునేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, ఫారం మాత్రం చివరి పేరు ఏమిటని అడుగుతుంది. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా నింపితే తర్వాత హాల్‌టికెట్ దగ్గర తేలుతుంది. టెన్త్ మెమోలో ఉన్నదాన్నే ప్రమాణంగా పెట్టుకుని, తేడా ఉంటే ఆధార్ సవరణకు మొదటి వారంలోనే వెళ్లడం మంచిది. ఐఐటీ మద్రాస్ వంటిచోట్ల కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఉంది. దానికి కావాల్సిన ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో ఒక్క రోజులో రాదు. ఇంకో మాట, ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ వంటివి దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ అనుమతి లేదు. ఇస్తామని బోర్డు పెట్టినవాళ్ల దగ్గర ఫీజు కట్టేముందు యూజీసీ జాబితా చూసుకోవాలి.

ఇంటి నుంచి చదివినా పరీక్ష చాలాచోట్ల సెంటర్‌లోనే. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. అక్కడి నుంచి రాజమండ్రి వెళ్లినా కాకినాడ వెళ్లినా అరవై కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం, లంకల్లో ఉండేవాళ్లకు దానికి ముందు పడవో పంటో. ఉదయం తొమ్మిదింటి పరీక్షకు ముందురోజే వెళ్లి చుట్టాలింట్లో దిగడం తెలివైన పని. అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయించిన పెన్ను జేబులో పెట్టుకెళ్లినా, కంప్యూటర్ మీద రాసే పరీక్షలో అది లెక్కలు వేసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ధైర్యానికి మాత్రం ఉంటుంది.

నెల చివర్లో చాలామందికి తెలియనిది ఒకటుంది, వేగం తగ్గించుకోవచ్చు. మామూలు కాలేజీలో సెమిస్టర్ అందరికీ ఒకటే. ఇక్కడ అలా కాదు. ఐఐటీ మద్రాస్ కోర్సులో క్వాలిఫయర్ దాటాక టర్మ్‌కు ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలో విద్యార్థే ఎంచుకోవచ్చు, నాలుగు బదులు రెండే పెట్టుకోవచ్చు. ఇగ్నోలో జూన్ పరీక్షకు సిద్ధం కాని పేపర్ డిసెంబరులో రాయవచ్చు, మూడేళ్ల డిగ్రీ పూర్తి చేయడానికి ఆరేళ్ల దాకా గడువుంది. ఈ సంగతి తెలియక, ఒక నెల తడబడగానే ఇక నా వల్ల కాదని మానేసి, వచ్చే ఏడాది ఇంకో కోర్సుకు మళ్లీ మొదటి నుంచి ఫీజు కట్టేవాళ్లున్నారు. మొదటి నెలలో నిజంగా చదవగలిగిన గంటలు వారానికి ఎన్నో రాసి పెట్టుకుంటే, రెండో టర్మ్‌కు ఎన్ని సబ్జెక్టులు కట్టాలో ఆ అంకె చూసి తేల్చుకోవచ్చు. అంకె పది వస్తే ఒకటో రెండో కట్టడం నయం.